మనిషిని మారుస్తున్నారు, కుర్చీని మార్చడం లేదు

విశ్వవిద్యాలయాల్లో అక్రమం బయటపడిన ప్రతిసారీ ఒకే తంతు నడుస్తుంది. ఒకరిని సస్పెండ్ చేస్తారు. విచారణ సంఘం వేస్తారు. కొందరు వ్యక్తుల నిర్వాకం వల్ల సంస్థకు చెడ్డపేరు వచ్చిందని ప్రకటన వెలువడుతుంది. ఖాళీ అయిన కుర్చీలో మరొకరు కూర్చుంటారు. కొన్నాళ్లకు అదే విభాగంలో, అదే పనిలో, అదే తరహా ఆరోపణ వస్తుంది. తంతు మళ్లీ మొదలవుతుంది. మనిషి నైతికత గురించి ఇంతగా మాట్లాడే పాలకులు, ఆ మనిషి కూర్చున్న కుర్చీని ఎవరు ఎలా తయారు చేశారన్న ప్రశ్నను మాత్రం దగ్గరికి రానివ్వరు.

ఒక ఉద్యోగికి ఏ పని అప్పగించారు, దానిపై ఎంత అధికారం ఇచ్చారు, ఆ పనిని ఎవరు తనిఖీ చేస్తారు, ఎంత జీతమిస్తారు, రేపు ఆ కొలువు ఉంటుందో ఊడుతుందో ఎవరు తేలుస్తారు... ఇవన్నీ కలిస్తేనే ఉద్యోగ రూపకల్పన అవుతుంది. విశ్వవిద్యాలయ సిబ్బంది దుష్ప్రవర్తనకు ఈ రూపకల్పనలోనే బలమైన మూలం ఉందని, రూపకల్పన చేసేది ప్రభుత్వాలే కాబట్టి మొదట జవాబు చెప్పవలసింది కూడా అవేనని నా వాదన.

ఈ విషయం అర్థం కావడానికి సూరత్ నగరం ఒక మంచి పాఠం. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అత్యధిక భాగం ఇక్కడి కార్ఖానాల గుండానే వెళుతుంది. కోట్ల రూపాయల సరుకును ఆంగడియాలు నమ్మకం మీదే ఊరు దాటిస్తారు. మాటకు విలువ ఉన్న వ్యాపారం అది. అయినా ఏ కార్ఖానాలోనూ ముడిరాయిని ఊరికే చేతిలో పెట్టరు. పొట్లం కట్టి, తూచి, రాసుకుని ఇస్తారు. పని ముగిశాక మళ్లీ తూచి తీసుకుంటారు. కోతలో ఎంత తరుగు పోవాలో అనుభవం మీద తెలుసు కాబట్టి అంతకు మించితే వెంటనే ప్రశ్న వస్తుంది. సానపట్టే కార్మికుడు దీన్ని అవమానంగా భావించడు. ఆ తూకం యజమానిని ఎంత కాపాడుతుందో, తప్పుడు నింద నుంచి కార్మికుణ్ని కూడా అంతే కాపాడుతుంది. నమ్మకం ఉన్నచోట కూడా పనిని తనిఖీకి అనువుగా మలచుకోవాలని ఈ నగర వ్యాపారులు ఏనాడో గ్రహించారు.

అదే నగరంలో వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఉంది. 1965లో దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంగా మొదలై, 2004లో ఆధునిక గుజరాతీ సాహిత్య వైతాళికుడు, సూరత్ బిడ్డ నర్మద్ పేరు పెట్టుకుంది. ఈ ప్రాంతపు కళాశాలలకు గుర్తింపునివ్వడం, పరీక్షలు జరపడం, పట్టాలివ్వడం దాని పని. మరమగ్గాలను నమ్ముకుని వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వలసవచ్చి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ నగరమే రెండో పుట్టిల్లు. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అలాంటి బడిలో చదివి, ఇంట్లో మొదటిసారిగా కళాశాల గడప తొక్కిన నేత కార్మికుడి కూతురికి జవాబుపత్రమే వజ్రం. ఆమెకు సిఫారసు లేదు, పలుకుబడి లేదు. ఉన్నదల్లా ఆ పత్రంలో రాసిన నాలుగు ముక్కలు.

ఆ పత్రం ఎన్ని చేతులు మారుతుందో చూడండి. దేశంలోని అనుబంధ విశ్వవిద్యాలయాలన్నింటిలో దారి ఇంచుమించు ఒక్కటే. పరీక్షా కేంద్రంలో కట్ట కడతారు. దాన్ని తరలిస్తారు. పేరు కనిపించకుండా సంకేత సంఖ్య వేస్తారు. పత్రానికి ఇంత అని ఇచ్చే పారితోషికం మీద అధ్యాపకులు దిద్దుతారు. మార్కులను కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. పునర్మూల్యాంకనం కోరితే పత్రాన్ని తిరిగి బయటకు తీస్తారు. వీటిలో ప్రతి దశలోనూ ఒక ఉద్యోగి ఉంటాడు. అతడు తాత్కాలికుడు కావచ్చు, ఏజెన్సీ పంపిన మనిషి కావచ్చు. చేతిలోకి ఎన్ని పత్రాలు వచ్చాయి, ఎన్ని బయటకు వెళ్లాయి, తరువాత ఎవరు మార్చారు అన్న లెక్క ప్రతి మెట్టు దగ్గరా రాళ్ల పొట్లంలా పక్కాగా ఉంటేనే ఆ అమ్మాయి క్షేమం. లెక్క వదులుగా ఉన్నచోట ఆమె ఎవరో తెలియని ఒక గుమాస్తా మంచితనం మీద ఆధారపడినట్టే. ఇది సూరత్ విశ్వవిద్యాలయం మీద ఆరోపణ కాదు. ఈ దారిలో నడిచే సంస్థలన్నింటికీ వర్తించే ప్రశ్న.

పనికీ ప్రవర్తనకూ ఉన్న ముడిని పండితులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. 1976లో హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక పని మనిషిని నిబద్ధుణ్ని చేయాలంటే ఐదు గుణాలు ఉండాలన్నారు. పలు నైపుణ్యాలకు చోటుండాలి. పని మొదలూ తుదీ చేసేవాడికి కనిపించాలి. అది ఎవరికో మేలు చేస్తోందని తెలియాలి. కొంత స్వేచ్ఛ ఉండాలి. ఎలా చేశాడో తిరిగి తెలిసిరావాలి. రోజంతా సంకేత సంఖ్యలు ఎక్కించే తాత్కాలిక ఉద్యోగికి ఈ ఐదింటిలో ఎన్ని దక్కుతున్నాయి? తాను ఎక్కించిన అంకె వెనుక ఒక అమ్మాయి బతుకు ఉందని అతడికి చెప్పినవారు ఎవరు? పని మీద గౌరవం కలగనిచోట సంస్థ మీద కలగదు. సంస్థ మీద గౌరవం లేనిచోట చిన్న నిర్లక్ష్యానికీ పెద్ద నేరానికీ మధ్య గోడ పలచబడుతుంది.

అవినీతిని అధ్యయనం చేసిన రాబర్ట్ క్లిట్‌గార్డ్ 1988లో మరో కోణం చూపించారు. గుత్తాధికారానికి విచక్షణాధికారం కలిపి, అందులోంచి జవాబుదారీతనం తీసేస్తే మిగిలేదే అవినీతి అన్నది ఆయన సూత్రం. ఇందులో మనిషి గుణగణాల ప్రస్తావనే లేదు. ఉన్నదంతా కుర్చీ లక్షణాలే.

ఈ రెండు ఆలోచనలనూ మన విశ్వవిద్యాలయాలకు అన్వయిస్తే నాలుగు లోపాలు కనిపిస్తాయి. మొదటిది అభద్రత. గుజరాత్‌లో కొత్తగా చేరిన ప్రభుత్వోద్యోగికి మొదటి ఐదేళ్లు స్థిర వేతనం మాత్రమే ఇచ్చే పద్ధతి ఏళ్లుగా ఉంది. 2012లో రాష్ట్ర హైకోర్టు దాన్ని తప్పుపడితే ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇక ఆ రాష్ట్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలల్లో కాంట్రాక్టు సహాయ ఆచార్యులకు నెలకు 30,000 రూపాయలే ఇస్తున్న తీరును 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీవ్రంగా ఆక్షేపించింది. వారికి సహాయ ఆచార్యుల కనీస వేతన స్కేలు చెల్లించాలని ఆదేశించింది. గురువే బ్రహ్మ అని సభల్లో శ్లోకాలు చదివితే సరిపోదని, ఆ గౌరవం జీతంలో కనిపించాలన్నది ఆ తీర్పు సారాంశం.

తెలుగు రాష్ట్రాలది భిన్నమైన కథ కాదు. పీరియడ్ లెక్కన డబ్బు తీసుకునే అతిథి అధ్యాపకులు, ఏటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకులు, ఏజెన్సీ ద్వారా వచ్చిన కార్యాలయ సిబ్బంది అక్కడా ఉన్నారు. 2025లో తెలంగాణ విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అధ్యాపకులు క్రమబద్ధీకరణ కోసం రోడ్డెక్కారు. కొనసాగింపు ఉత్తర్వు విభాగాధిపతి సంతకం మీద ఆధారపడినప్పుడు ఆ విభాగాధిపతి చేసే తప్పును చూసి నోరు విప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అభద్రత వల్ల జరిగే అసలు నష్టం ఇదే. అది బీదవాణ్ని దొంగను చేస్తుందని కాదు. లక్షలాది కాంట్రాక్టు ఉద్యోగులు అర్ధాకలితో నిజాయతీగా పనిచేస్తూనే ఉన్నారు. అభద్రత చేసేది సాక్షుల నోరు కట్టేయడం.

విశ్వవిద్యాలయం కాకపోయినా, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2022 అక్టోబరులో 2.8 లక్షల మందికి పైగా రాసిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్షను, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడ్డాక 2023 మార్చిలో రద్దు చేశారు. ప్రధాన నిందితుల్లో ఒకరు కమిషన్ ఉద్యోగి, మరొకరు ఔట్‌సోర్సింగ్ మీద వచ్చిన నెట్‌వర్క్ నిర్వాహకుడు. లక్షల మంది భవిష్యత్తు దాచిన కంప్యూటర్లకు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, అతడి మీద ఎవరి కన్ను ఉంది అన్నది పూర్తిగా కొలువు కూర్పుకు సంబంధించిన ప్రశ్న. నాటి రాజకీయ రభసలో ఆ ప్రశ్న వినిపించనే లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. భద్రత, జీతం, గౌరవం అన్నీ ఉన్నవారు కూడా పట్టుబడుతున్నారు కదా? నిజమే. 2023 జూన్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉపకులపతినే అవినీతి నిరోధక శాఖ అరెస్టు చేసింది. ఒక ప్రైవేటు కళాశాలకు పరీక్షా కేంద్రం మంజూరు చేయడానికి 50,000 రూపాయలు లంచం తీసుకున్నారన్నది అభియోగం. ఉపకులపతికి జీతం చాలక ఆ పని చేశారని ఎవరూ అనలేరు. అందుకే రెండో లోపాన్ని చూడాలి. అది అదుపులేని విచక్షణ. ఒక కళాశాలకు పరీక్షా కేంద్రం ఇవ్వాలా వద్దా అన్నది గదుల సంఖ్య, దూరం, గత రికార్డు వంటి బహిరంగ ప్రమాణాలతో తేలవలసిన విషయం. అది ఒక వ్యక్తి ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన క్షణాన ఆ సంతకానికి ధర పలుకుతుంది. ఈసారి కుర్చీలో ఎవరున్నారన్నది తరువాతి మాట.

ఇదే లోపం 2025 ఫిబ్రవరిలో దేశమంతా చూసింది. గుంటూరు జిల్లాలోని కోనేరు లక్ష్మయ్య ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌కు మెరుగైన నాక్ గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై సీబీఐ పది మందిని అరెస్టు చేసింది. వారిలో విద్యాసంస్థ ప్రతినిధులతో పాటు తనిఖీకి వచ్చిన నాక్ బృందం సభ్యులు, అంటే ఇతర విశ్వవిద్యాలయాల ఆచార్యులు కూడా ఉన్నారు. కేసు న్యాయస్థానంలో తేలాలి. కానీ ఆ పని స్వరూపం చూడటానికి తీర్పు అక్కర్లేదు. కొద్దిరోజుల పర్యటన, తనిఖీకి గురయ్యే సంస్థే ఆతిథేయి, బృందం చేతిలో విచక్షణతో వేసే మార్కులు, ఆ మార్కుల మీద సంస్థకు కోట్ల రూపాయల ప్రయోజనం. ఇలాంటి కొలువును తయారుచేసి, అందులోకి వెళ్లినవారంతా రుషుల్లా ఉండాలని ఆశించడం పాలన అనిపించుకోదు.

మూడో లోపం తప్పుడు కొలబద్ద. 2010లో యూజీసీ అధ్యాపకుల పదోన్నతులకు అంకెల్లో లెక్కగట్టే ఏపీఐ పద్ధతి తెచ్చింది. ప్రచురించిన ప్రతి వ్యాసానికీ ఇన్ని మార్కులు. డిగ్రీ కళాశాలలో వారమంతా పాఠాలు చెప్పే అధ్యాపకుడికి ప్రయోగశాల లేదు, గ్రంథాలయం లేదు, సమయం లేదు. వ్యాసాలు మాత్రం కావాలి. అవసరం పుడితే అంగడి పుట్టకమానదు. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. చివరకు 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచి 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. అదే ఏడాది గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు వచ్చాయి. నకలు 60 శాతం దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. దొంగ వ్యాసం రాసినవాణ్ని శిక్షించాలి, సందేహం లేదు. కానీ చదివేవారు లేని వ్యాసాన్ని కొలువుకు షరతుగా పెట్టినవారిని అడిగేదెవరు? సూరత్ మరమగ్గాల వాడలో మీటరు లెక్కన కూలి ఇస్తే బట్ట పొడవు పెరుగుతుంది. నాణ్యతను విడిగా చూసుకోకపోతే అది పడిపోతుంది. ఈ సంగతి మగ్గం యజమానికి తెలుసు. యూజీసీకి తెలియడానికి ఏళ్లు పట్టింది.

నాలుగో లోపం అన్నింటికన్నా బాధాకరమైనది. అది ఒక మనిషి బతుకును మరో మనిషి గుప్పిట్లో పెట్టడం. పరిశోధక విద్యార్థిని అంశం ఎంపిక, హాజరు, ఫెలోషిప్ కాగితాలు, ప్రగతి నివేదిక, సిద్ధాంత గ్రంథం సమర్పణ, రేపటి సిఫారసు లేఖ అన్నీ గైడు సంతకం మీదే నడుస్తాయి. గైడును మార్చుకోవాలంటే మళ్లీ ఆయన సమ్మతే అడగవలసిన పరిస్థితి చాలాచోట్ల ఉంది. వేధింపులకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఎవరైనా కావాలని చేసినా కుదరదు. మంచి గైడ్లు ఎందరో ఉన్నారు. కానీ విద్యార్థిని భద్రత గైడు మంచితనం మీద ఆధారపడి ఉంటే దాన్ని భద్రత అనలేం, అదృష్టం అనాలి.

ఫిర్యాదు చేశాక పరిస్థితి ఏమిటో గోవా విశ్వవిద్యాలయం కేసు చూపించింది. లైంగిక వేధింపుల ఫిర్యాదులపై అక్కడి ఒక విభాగాధిపతిని తొలగించారు. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ తొలగింపును పక్కనపెట్టింది. ఆరోపణలు అబద్ధమని తేలి కాదు. విచారణ సంఘం ఆదరాబాదరాగా వ్యవహరించి తన వాదన చెప్పుకునే న్యాయమైన అవకాశం ఆయనకు ఇవ్వలేదని. చట్టం వచ్చి దశాబ్దమైనా అమలులో తీవ్ర లోపాలున్నాయని కూడా ధర్మాసనం ఆవేదన వెలిబుచ్చింది. ఫిర్యాదుదారులకూ న్యాయం అందలేదు, ఆరోపణ ఎదుర్కొన్నవారికీ అందలేదు. ఎందుకంటే అంతర్గత ఫిర్యాదుల సంఘం సభ్యత్వాన్ని మన సంస్థలు ఒక పనిగానే చూడవు. పాఠాలు, పరీక్షలు, దిద్దుబాట్ల మధ్య అదనపు బరువుగా అంటగడతాయి. శిక్షణ ఉండదు, సమయం ఉండదు, న్యాయ సలహా ఉండదు. సహోద్యోగి మీద తీర్పు చెప్పవలసిన సభ్యురాలి పదోన్నతి రేపు అదే సహోద్యోగి కూర్చునే మండలిలో తేలవచ్చు. తప్పును పట్టవలసిన కొలువు కూడా తప్పుగానే తయారైంది.

ఇక రాజకీయం. ఈ కుర్చీలను తయారు చేస్తున్నదెవరు? అధ్యాపక పోస్టులను ఏళ్లకేళ్లు ఖాళీగా ఉంచేది రాష్ట్ర ప్రభుత్వాలు. ఖాళీలను కాంట్రాక్టుతో, ఏజెన్సీతో పూడ్చమనేది ఆర్థిక శాఖలు. తెలంగాణలో ఉమ్మడి నియామక మండలి బిల్లును 2022లో శాసనసభ ఆమోదిస్తే అది రాజ్‌భవన్ దగ్గర చిక్కుకుంది. ప్రభుత్వం, గవర్నర్ వాదులాడుకుంటుంటే తరగతి గదులు తాత్కాలికుల మీదే నడిచాయి. ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. ప్రతిపక్షంలో క్రమబద్ధీకరణ హామీ, అధికారంలోకి వచ్చాక అధ్యయన కమిటీ అన్నది అన్ని జెండాల కిందా చూసిన వరసే.

గుజరాత్ మరో అడుగు ముందుకు వేసింది. 2023లో తెచ్చిన పబ్లిక్ విశ్వవిద్యాలయాల చట్టం సూరత్‌తో సహా 11 రాష్ట్ర విశ్వవిద్యాలయాలను ఒకే గొడుగు కిందికి చేర్చింది. ఎన్నికలతో ఏర్పడే సెనేట్, సిండికేట్ల స్థానంలో నిర్వహణ మండలిని పెట్టింది. సెనేట్ ఎన్నికలు రాజకీయ అఖాడాలుగా మారాయన్న ప్రభుత్వ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కానీ అక్కడ కనీసం ఒక పట్టభద్రుడు లేచి ‘ఈ ఫలితం ఎందుకు మారింది’ అని అడిగే వీలుండేది. ప్రశ్నించే చోటు మూసేసి నిర్ణయించే అధికారాన్ని పైకి తీసుకెళితే క్లిట్‌గార్డ్ సూత్రంలో రెండు అంశాలు పెరిగి మూడోది తగ్గుతుంది. 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానానికి పోలింగే లేకుండా ఏకగ్రీవంగా ఫలితం ప్రకటించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఓటు వేసే సందర్భమే దక్కని నగరంలో విశ్వవిద్యాలయంలో కూడా ఓటు పోయింది. రెంటికీ కారణాలు వేరు. పౌరుడికి మిగిలిన స్థితి మాత్రం ఒక్కటే. అడగడానికి చోటు లేదు.

నేను చెబుతున్నది నేరగాళ్లకు సాకు వెతకడమని కొందరు అనవచ్చు. కాదు. లంచం తీసుకున్నవాడు, విద్యార్థినిని వేధించినవాడు తన చర్యకు తానే బాధ్యుడు. అదే కుర్చీలో కూర్చుని తప్పు చేయనివారు ఉన్నారన్నదే అందుకు రుజువు. కానీ ఒకే మలుపులో వరసగా ప్రమాదాలు జరుగుతుంటే డ్రైవర్లను శిక్షించి ఊరుకోం, రోడ్డును కూడా సరిచేస్తాం. శిక్ష, దిద్దుబాటు ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. శిక్షతోనే ఆగిపోవడం వల్ల లాభపడేది రోడ్డు వేసిన కాంట్రాక్టరు.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. జవాబుపత్రం ప్రతి చేతి మార్పునూ సమయంతో సహా నమోదు చేసి, మార్కు మారితే ఎవరు ఎందుకు మార్చారో విద్యార్థికి కనిపించేలా చేయాలి. పత్రాలు భద్రపరిచేవారు, దిద్దేవారు, మార్కులు ఎక్కించేవారు వేర్వేరు మనుషులై ఉండాలి. రహస్య విభాగాల్లో ఏజెన్సీ సిబ్బందికి బదులు జవాబుదారీతనం గల రెగ్యులర్ ఉద్యోగులు ఉండాలి, వారూ నిర్ణీత కాలానికి మారాలి. పరీక్షా కేంద్రాలు, అనుబంధ గుర్తింపులకు సంబంధించిన ప్రమాణాలు, నిర్ణయాలు వెబ్‌సైట్‌లో ఉండాలి. సమాన పనికి కనీసం స్కేలు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పిన మాటను ప్రతి ఉద్యోగీ కోర్టుకు వెళ్లి గెలుచుకోనక్కరలేకుండా ప్రభుత్వాలే అమలు చేయాలి. ప్రతి పరిశోధక విద్యార్థికీ గైడుతో పాటు ఆ విభాగానికి చెందని మరో సలహాదారు ఉండాలి. కారణం చెప్పకుండానే ఒకసారి గైడును మార్చుకునే హక్కు ఉండాలి. ఫిర్యాదుల సంఘం సభ్యులకు బోధన భారం తగ్గించి, శిక్షణ, న్యాయ సహాయం ఇవ్వాలి.

వీటితో పాటు మరొకటి. ఏ అక్రమం మీద విచారణ జరిగినా నివేదికలో రెండు భాగాలు తప్పనిసరి కావాలి. ఒకటి, ఎవరు చేశారు. రెండు, ఆ పోస్టు తీరులో ఏ లోపం దానికి వీలు కల్పించింది, దాన్ని ఏ తేదీలోగా ఎవరు సరిచేస్తారు. రెండో భాగం లేని నివేదికను శాసనసభ్యులు, పాత్రికేయులు, విద్యార్థి సంఘాలు అసంపూర్ణ నివేదికగానే పరిగణించాలి. తదుపరి బడ్జెట్ సమావేశాల్లో ఏ రాష్ట్రంలోనైనా ఒక్క సభ్యుడు లేచి గత ఐదేళ్ల విచారణ నివేదికల్లో అలాంటి భాగం ఎన్నింటిలో ఉందని అడిగితే చాలు. జవాబు ఏమైనా, లింబాయత్‌లోని ఆ అమ్మాయి తరఫున చట్టసభలో ఒక ప్రశ్న నమోదైనట్టు అవుతుంది.